నూటికి నూరు

ముప్ఫయ్యేళ్ళకు పైగా లెక్కల మాస్టరుగా పనిచేసినవాణ్ణి. నూటికి నూరు వెయ్యాలంటే నా చేతికి మహా పిసినారితనం. లెక్కంతా సరిగా చేసి, ఆఖరున "సెంటీమీటర్లు" అని రాయడం మరచిపోయాడని అర మార్కు కోసేసిన సందర్భాలు కోకొల్లలు. నా దగ్గర చదువుకుని యిప్పుడు పిల్లలకు పెళ్ళిళ్ళు చేస్తున్నవాళ్ళు సైతం, బజారులో కనిపిస్తే ముందుగా ఆ అర మార్కు సంగతే యెత్తుతారు. అటువంటి నా కళ్ళ యెదుట, మా యింట్లోని లాప్‌టాప్ రెండు రోజులపాటు విడవకుండా నూటికి నూరు చూపించింది. యే సబ్జెక్టులోనంటారా? పని జరగనివ్వకపోవడంలో!

నవ్వకండి. యిది మీ యింట్లోనూ జరిగే వుంటుంది. జరగకపోతే, యింకా జరగలేదని అర్థం. అప్పుడు మీరు నాలాగా కంగారుపడి చెయ్యరాని పని చెయ్యకుండా వుంటారని యీ కథ చెబుతున్నాను.

మా లాప్‌టాప్ నేను రిటైరయిన సంవత్సరం, అంటే 2017లో కొన్నది. కరెంటు బిల్లుకూ, రైలు టిక్కెట్లకూ, అమెరికాలో వున్న మనవరాలి మొహం చూడడానికీ అదే ఆధారం. అయితే మా ఆవిడ దృష్టిలో యీ మూడూ ఒక యెత్తు, అందులో వున్న మా అత్తగారి పాటలు ఒక యెత్తు.

మా అత్తగారు 2021లో పోయారు. మనిషి సన్నగా, పొట్టిగా వుండేవారుగాని గొంతు విప్పితే వీధి చివరకు వినబడేది. పేరంటానికి పిలిస్తే ఆవిడ పాట కాకుండా హారతి పళ్ళెం కదిలేది కాదు. 2018లో మా యింట నెలరోజులున్నప్పుడు, మా ఆవిడ ఫోను పక్కన పెట్టుకుని, రోజుకొకటి చొప్పున పద్నాలుగు పాటలు పాడించుకున్నది. తరవాత వాటిని లాప్‌టాప్‌లోకి యెక్కించాం. కొన్నాళ్ళకు ఆ ఫోను నీళ్ళ బకెట్‌లో పడి ప్రాణం విడిచింది. పడేసింది నేనే. అంచేత ఆ గొంతు యీ లోకంలో మిగిలిన చోటు యిక అదొక్కటే.

యిక అసలు కథ. 2024 శ్రావణమాసం. ఆగస్టు 16 శుక్రవారంనాడు వరలక్ష్మీవ్రతం. బుధవారం పొద్దున్నే లాప్‌టాప్ తెరిచేసరికి, "అప్‌డేట్‌లు వచ్చి వున్నాయి, ఆపి మళ్ళీ మొదలుపెట్టమంటారా?" అని అడిగింది. మా దాంట్లో వున్నది విండోస్. దానికి నెలనెలా రెండో మంగళవారంనాడు అమెరికాలో అప్‌డేట్‌లు విడుదల చేస్తారు. మనకు అప్పటికి రాత్రవుతుంది. అంచేత బుధవారం తెల్లవారగానే పాలవాడితోబాటు అవీ గుమ్మంలో వుంటాయి. మర్యాదగా అడిగింది గదా అని సరేనన్నాను.

యంత్రం పడుకుని లేచింది. లేచిందన్నమాటేగాని కళ్ళు తెరవలేదు. బాణం గుర్తు పక్కన చిన్న చక్రం ఒకటి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఒక ఫైలు మీద నొక్కి, వంటింట్లోకి వెళ్ళి, కాఫీ తాగి, గ్లాసు కడిగిపెట్టి వచ్చేసరికి అది తెరుచుకుంటూ వుంది.

"యేమండీ, అమ్మ పాటలు ఒక్కసారి పెట్టండి. హారతి పాట యెక్కడుందో చూసి వుంచుకుంటాను" అన్నది మా ఆవిడ.

"పెడుతున్నానోయ్."

"పొద్దుటినుంచీ పెడుతూనే వున్నారు!"

మధ్యాహ్నానికి నా ఓపిక అయిపోయింది. లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బజారులో మరమ్మతు దుకాణానికి వెళ్ళాను. ఆ కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. మూడు మీటలు కలిపి నొక్కి ఒక పట్టిక తెరిచాడు. అందులో "డిస్క్" అన్న మాట పైన 100 శాతం అని వున్నది.

"డిస్కు నూటికి నూరు కొడుతున్నది మాస్టారూ. అప్‌డేట్ తరవాత చాలామందికి యిదే గోల. ఫార్మాట్ చేసి అంతా కొత్తగా యెక్కిస్తే సరిపోతుంది. సాయంత్రానికి యిచ్చేస్తాను."

"మరి లోపలున్నవి?"

"అవి తుడుచుకుపోతాయి మాస్టారూ. యింకెక్కడన్నా కాపీ పెట్టుకున్నారుగా?"

నాకు నోట మాట రాలేదు. కాపీ! జీవితమంతా పిల్లల్ని కాపీ కొట్టవద్దని చెప్పినవాణ్ణి, ఆ ఒక్క కాపీ తీసుకోవాలని నాకు తట్టలేదు. ఆ కుర్రవాడు ఆ ప్రశ్న వెయ్యకుండా మీట నొక్కేసి వుంటే నేను యే మొహం పెట్టుకుని యింటికి వెళ్ళేవాణ్ణి? అడిగాడు గనక వాడికి అక్కడికక్కడే మనసులో నూటికి నూరూ వేశాను. లాప్‌టాప్ మళ్ళీ సంచీలో పెట్టుకుని యింటికి వచ్చి, హైదరాబాదులో కంప్యూటర్ల వుద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోను చేశాను.

వాడు అడిగిన మొదటి ప్రశ్న: "మావయ్యా, డిస్కులో ఖాళీ యెంత వుంది?"

చూశాను. సగానికి పైగా ఖాళీయే! "మరి నూరు శాతం నిండిందని చూపిస్తున్నదేమిట్రా?"

"నిండిందని కాదు మావయ్యా. దానికి తీరిక లేదని."

చూశారా! గది నిండడం వేరు, గదిలో వున్న మనిషికి తీరిక లేకపోవడం వేరు. యీ రెండింటికీ తేడా తెలియకనే చాలామంది, డిస్కు నిండిపోయిందనుకుని ఫోటోలూ ఉత్తరాలూ చెరిపేస్తూ కూర్చుంటారు. ఆ పట్టికలోని శాతం, డిస్కు యెంత సేపు పనిలో వున్నదో చెప్పే లెక్క. నూరు అంటే క్షణం విరామం లేదని. పని యెక్కువ జరుగుతున్నదని కూడా కాదు!

అదెలాగంటే, పెళ్ళివారింట్లో ఒక్కతే వంటమనిషి వుందనుకోండి. ఒకరు కాఫీ అంటారు. పొయ్యి దగ్గరకు వెళుతుంది. యింకొకరు మంచినీళ్ళు అంటారు. బిందె దగ్గరకు పరుగెత్తుతుంది. దారిలో వేరొకరు విస్తళ్ళు అంటారు, అటకెక్కుతుంది. కూర్చున్న క్షణం లేదు. అలాగని పొయ్యి మీద అన్నమూ వుడకదు. పొద్దంతా నడకకే సరిపోతుంది. పాతరకం హార్డ్ డిస్కు సరిగ్గా యీ వంటమనిషే.

నా పాత వృత్తి పోలేదు గనక చిన్న లెక్క చెబుతాను, వినండి. మా లాప్‌టాప్‌లో వున్నటువంటి డిస్కులో గుండ్రటి పలకలు నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతూ వుంటాయి. వాటి మీద ఒక సన్నని చెయ్యి అటూ యిటూ కదులుతూ చదువుతుంది, రాస్తుంది. గ్రామఫోను ప్లేటూ ముల్లూ గుర్తు తెచ్చుకోండి. తేడా యేమంటే, యిక్కడ ముల్లు ప్లేటును తాకదు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్న తక్కువ యెత్తులో తేలుతుంది. పలక ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం ఆగాలి. అసలు చెయ్యి ఆ వరసకు జరగడానికి యింకో పది, పన్నెండు. వెరసి, సమాచారం చెల్లాచెదురుగా వుంటే సెకనుకు వంద పనులు కూడా చెయ్యలేదు. మనకు సెకను లిప్తపాటే. కాని నాలుగు ప్రోగ్రాములు ఒక్కసారిగా వేలకొద్దీ పనులు పురమాయిస్తే వంద యే మూలకు?

యీ తిరిగే డిస్కు వయసు మన రాష్ట్రం వయసుతో సమానం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే అమెరికాలో ఐబీఎం కంపెనీ మొట్టమొదటి హార్డ్ డిస్కును లోకానికి చూపించింది. అందులో రెండేసి అడుగుల వెడల్పున్న పలకలు యాభై. బీరువాలకు బీరువాలంత వుండేది. పట్టే అక్షరాలు మాత్రం యాభై లక్షలు! యిప్పుడు మన ఫోనుతో తీసే ఒక్క ఫోటోకు అది చాలీచాలకుండా వుంటుంది. అరచేతిలోకి కుదించుకుపోయినా, పలక తిరగడమూ చెయ్యి కదలడమూ మాత్రం మారలేదు. యీ మధ్య వచ్చే లాప్‌టాప్‌లలో తిరిగేది యేదీ లేని డిస్కులు పెడుతున్నారు. వాటిని ఎస్‌ఎస్‌డీ అంటారు. అవి సెకనుకు వేలకొద్దీ పనులు అవలీలగా చేస్తాయి. అందుకే కొత్త యంత్రాలున్న యిళ్ళలో యీ నూటికి నూరు గోల తక్కువ.

"సరేరా, యిన్నాళ్ళూ లేనిది అప్‌డేట్ వచ్చాకనే యెందుకు మొదలయింది?" అని అడిగాను.

"మావయ్యా, సంక్రాంతికి యింటికి వెల్ల వేయించాక ఆ రెండు రోజులూ యిల్లు యెలా వుంటుంది?"

వాడు చెప్పింది నిజం. వెల్ల వేసినవాళ్ళు వెళ్ళిపోయినంత మాత్రాన పని అయిపోదు. సామాను లోపలికి చేర్చాలి, యేది యెక్కడుందో చూసుకోవాలి, తాళాలు సరిపోల్చుకోవాలి. అప్‌డేట్ తరవాత యంత్రంలోనూ అదే జరుగుతుంది. మార్చిన భాగాలను సర్దే పనివాడు ఒకడు. పట్టికలో వాడి పేరు విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్. వైరస్‌లు వున్నాయేమోనని ప్రతి ఫైలునూ తట్టి చూసే కాపలావాడు ఇంకొకడు. వాడు యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్. గ్రంథాలయంలో పుస్తకాల జాబితా రాసినట్టు, మనం వెతికితే వెంటనే దొరికేలా ఫైళ్ళకు సూచిక రాసే గుమాస్తా మూడోవాడు. వాడు సెర్చ్ ఇండెక్సర్. మనం రోజూ వాడేవాటిని ముందుగానే తెచ్చి పక్కన పెట్టే సిస్‌మెయిన్ అనేవాడు నాలుగోవాడు. వీళ్ళెవరూ దొంగలు కారు. అందరూ యింటివాళ్ళే. కాకపోతే అందరూ ఒక్కసారి వంటమనిషిని పిలుస్తారు.

"యివాళ రాత్రికి చార్జరు తగిలించి, మూత తెరిచి, నిద్రపోకుండా అమర్చి వదిలెయ్యి. నువ్వు ముట్టుకోకు. వాళ్ళ పని వాళ్ళను చేసుకోనీ. చాలా యిళ్ళలో తెల్లారేసరికి సర్దుకుంటుంది" అన్నాడు.

వదిలేశాను. రాత్రి రెండుసార్లు లేచి వచ్చి చూశాను. మా ఆవిడ మూడుసార్లు లేచింది. యెవరికి వారు, రెండోవాళ్ళు నిద్రపోతున్నారనుకున్నాం.

గురువారం పొద్దున్న నేనే ఆ పట్టిక తెరిచాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే వస్తుంది. దాని పేరు టాస్క్ మేనేజర్. "డిస్క్" అన్న మాట మీద నొక్కితే, యెక్కువ పని చెబుతున్నవాళ్ళు వరసగా పైకి వస్తారు. గుమాస్తా నిద్రపోయాడు. కాపలావాడు కూర్చున్నాడు. సర్దేవాడు వెళ్ళిపోయాడు. కాని నూరు మాత్రం నూరుగానే వుంది!

మేనల్లుడికి ఫోను చేస్తే, అదే పట్టికలో "పెర్ఫార్మెన్స్" అన్న పుట తిప్పి, అందులో డిస్క్ మీద నొక్కి, అక్కడున్న అంకెలు చదవమన్నాడు. చదివాను. వేగం సెకనుకు ఒక మెగాబైటు కూడా లేదు. జవాబుకు పట్టే సగటు కాలం నాలుగు వేల మిల్లీసెకన్ల పైమాట.

అవతల కాసేపు నిశ్శబ్దం.

"మావయ్యా, యిక నువ్వు దేన్నీ శుభ్రం చెయ్యకు. దేన్నీ బాగుచెయ్యకు. ఆపి మొదలుపెట్టకు కూడా. పెన్ డ్రైవ్ వుందా? ముందు అమ్మమ్మ పాటలు బయటకు తియ్యి. ఒక్కొక్కటే."

వాడి గొంతు మారడం నాకు తెలిసింది. తరవాత వివరం చెప్పాడు. ఆరోగ్యంగా వున్న డిస్కు పదుల మిల్లీసెకన్లలో జవాబు చెబుతుంది. పని యెక్కువై నూరు చూపించినప్పుడు సాధారణంగా వేగం అంకెలు కూడా చెప్పుకోదగ్గట్టుగా వుంటాయి. యెవరూ పెద్దగా పని చెప్పకపోయినా, వేగం దాదాపు సున్నాగా వుండి, జవాబు మాత్రం సెకన్లు తీసుకుంటున్నదంటే, జబ్బు డిస్కుదే. పలక మీద కొన్ని చోట్లు అరిగిపోయో దెబ్బతినో వున్నాయి. చదవబోతే చదవబడవు. డిస్కు పట్టు విడవకుండా అదే చోటును మళ్ళీ మళ్ళీ చదవబోతుంది. దాని వెనక మిగతా పనులన్నీ వరసలో నిలబడిపోతాయి.

"అయితే అప్‌డేట్ దీన్ని పాడుచేసిందా?"

"కాదు మావయ్యా. జబ్బు అంతకుముందే వుంది. అప్‌డేట్ తరవాత కాపలావాడూ గుమాస్తా కలిసి, నువ్వు యేళ్ళ తరబడి ముట్టుకోని చోట్లను కూడా తట్టారు. అప్పుడు బయటపడింది."

నింద యెప్పుడూ ఆఖరున వచ్చినవాడి మీదే పడుతుంది. కొత్త కోడలు గుమ్మంలో అడుగుపెట్టిన మర్నాడు పాత దూలం విరిగితే, ఆ దూలం పుచ్చిన సంగతి యెవరూ చూడరు.

గురువారమంతా పాటలు తియ్యడమే పని. ఒక్కొక్క పాటా పెన్ డ్రైవ్‌లోకి చేరడానికి ఒక్కోసారి అర నిమిషం, ఒక్కోసారి ముప్పావుగంట. మా ఆవిడ పూజ సామాను తోముతూ, పాట చేరినప్పుడల్లా "యెన్నయినాయి?" అని అడిగేది. సాయంత్రానికి పదమూడు వచ్చాయి. పద్నాలుగోది చదవలేకపోతున్నానని యంత్రం చెప్పేసింది. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అదే మాట. అది యేదో మీరు వూహించే వుంటారు. వరలక్ష్మీ హారతి.

మా ఆవిడ యేమీ అనలేదు. అంటే బాగుండునని నాకనిపించింది.

శుక్రవారం పూజ అయింది. పేరంటాళ్ళు కూర్చుని వున్నారు. "తీసిపెట్టడం కాకపోతే, అందులోనే పెట్టి చూడండి, వచ్చినంత వస్తుంది" అన్నది మా ఆవిడ. నొక్కాను. చాలాసేపటికి మా అత్తగారి గొంతు లేచింది. మొదటి చరణం అయింది. రెండోదీ అయింది. మూడో చరణం సగంలో గొంతు ఆగిపోయింది. చక్రం తిరుగుతున్నది. గదిలో యెవరూ కదలలేదు. పళ్ళెంలో కర్పూరం అయిపోవస్తున్నది.

అప్పుడు మా ఆవిడ, ఆగిన మాట దగ్గరనుంచే అందుకుంది. పెళ్ళయిన యిన్నేళ్ళలో ఆవిడ నలుగురిలో గొంతు యెత్తి పాడడం నేను వినలేదు. "అమ్మ పాడుతుంటే నేనెందుకు?" అనేది యెప్పుడూ. హారతి పూర్తయింది.

ఆదివారం మేనల్లుడు దిగాడు. పాత డిస్కు వూడదీసి తన యంత్రానికి తగిలించి, చదవబడని చోట్లను వదిలిపెట్టి మిగిలినదంతా యేరుకునే ప్రోగ్రాము ఒకటి వుంటుంది, దానితో ఆ పద్నాలుగో పాటను బయటకు తీశాడు. మూడో చరణంలో నాలుగైదు సెకన్లు తప్ప మిగతా అంతా దక్కింది. పాత డిస్కు స్థానంలో మూడు వేల రూపాయలలోపు ఖరీదు చేసే ఎస్‌ఎస్‌డీ పెట్టాడు. పక్కనే వున్న నాలుగు జీబీల మెమొరీని యెనిమిది చేశాడు. మెమొరీ చాలనప్పుడు యంత్రం ఆ బరువు కూడా డిస్కు మీదకే నెడుతుందట. యిప్పుడు మీట నొక్కి కళ్ళద్దాలు తుడుచుకునేలోగా లాప్‌టాప్ సిద్ధంగా వుంటున్నది.

మాకు జరిగినదాన్నిబట్టీ, మా వాడు చెప్పినదాన్నిబట్టీ మీకు నాలుగు మాటలు చెబుతాను. కత్తిరించి దాచుకున్నా సరే.

మొదటిది: అప్‌డేట్ తరవాత యంత్రం మందగిస్తే ఒక రాత్రి, వీలైతే ఒక పూర్తి రోజు గడువు యివ్వండి. మధ్యలో మీట నొక్కిపట్టి బలవంతాన ఆపకండి. సగం వెల్ల వేసిన గోడ మీద నీళ్ళు పోసినట్టవుతుంది. ముఖ్యమైనవాటికి కాపీ లేకపోతే మాత్రం ఆ రాత్రి కూడా ఆగకండి. ముందు కాపీ, తరవాత గడువు. నేను ఆగాను, నా అదృష్టం బాగుండి గట్టెక్కాను.

రెండోది: అప్పటికీ తగ్గకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పని చెబుతున్నది యెవరో చూడండి. ఫోటోలను దూరంగా యెక్కడో దాచే సర్వీసు వేలకొద్దీ ఫైళ్ళను పంపుతూ వుండవచ్చు. దాన్ని కాసేపు ఆపవచ్చు. వైరస్ కాపలాకు యిద్దరిని పెట్టుకుంటే ఒకరినొకరు అనుమానించుకుంటూ పలకను అరగదీస్తారు, ఒకరు చాలు. కాని వున్న ఒక్కణ్ణీ తీసెయ్యకండి. సిస్‌మెయిన్‌ను ఆపితే కొన్ని పాత యంత్రాలలో వుపశమనం కనిపిస్తుంది. ఆపి చూసి, ఫలితం లేకపోతే మళ్ళీ పెట్టండి. యంత్రం తెరవగానే తమంతట తాము లేచి కూర్చునే ప్రోగ్రాములలో అక్కరలేనివాటిని "స్టార్టప్" పుటలో ఆపివేయవచ్చు. పెద్ద మార్పు వచ్చినప్పుడు పాత విండోస్‌ను యంత్రం అటక మీద పది రోజులు దాచి వుంచుతుంది. కొత్తది బొత్తిగా పడకపోతే ఆ పది రోజుల్లోనే వెనక్కు వెళ్ళాలి. తరవాత అది దానంతటదే పోతుంది.

మూడోది: యెవరూ పని చెప్పకపోయినా నూరు తగ్గకపోతే, వేగమూ జవాబు కాలమూ చూడండి. వేగం సున్నా దగ్గర, జవాబు వేల మిల్లీసెకన్లలో వుంటే అది డిస్కు పిలుస్తున్న పిలుపు. అప్పుడు సాహసాలు వద్దు. మరమ్మతు ప్రోగ్రాములు కూడా వద్దు, రోగిని పరుగెత్తించినట్టవుతుంది.

నాలుగోది అన్నిటికన్నా ముందు చెప్పవలసినది. యంత్రాన్ని యెవరి చేతికైనా యిచ్చేముందు, యే మందైనా వేసేముందు, కాపీ తియ్యండి. కొన్ని లాప్‌టాప్‌లలో డిస్కుకు లోపల తాళం వేసి వుంటుంది; దాని తాళంచెవి 48 అంకెల సంఖ్య. అది మీ దగ్గర వుందో లేదో చూసుకోకుండా డిస్కు వూడదీయించకండి.

అప్‌డేట్‌లే వద్దని మానేస్తే పోలేదా అని మా పక్కింటాయన అన్నాడు. పోదు. అవి దొంగలు కనిపెట్టిన కంతలను పూడుస్తాయి. మా యంత్రంలో వున్న విండోస్ 10కు మామూలుగా వచ్చే అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అప్‌డేట్ వచ్చిందని విసుక్కున్న నేనే, రావని తెలిసినప్పుడు మేనల్లుణ్ణి పిలిచి యేం చెయ్యాలని అడగవలసి వచ్చింది.

అత్తగారి పాటలు యిప్పుడు మూడు చోట్ల వున్నాయి. ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి బీరువాలో పట్టుచీరల కింద పెన్ డ్రైవ్‌లో, ఒకటి హైదరాబాదులో మేనల్లుడి యింట్లో. యిల్లు మునిగినా, బీరువా పోయినా, మూడూ ఒక్కసారి పోవు.

ఆ నాలుగైదు సెకన్ల ఖాళీ సంగతి కూడా చెప్పాలి. "అత్తా, ఆ చోట నీ గొంతు రికార్డు చేసి అతికిస్తాను, తేడా తెలియదు" అన్నాడు మేనల్లుడు. మా ఆవిడ వద్దన్నది. "ఆ ఖాళీ అలాగే వుండనీరా. యేటా అక్కడ నేను అందుకుంటాను."

2025లోనూ అలాగే అందుకుంది. పేరంటాళ్ళు వెళ్ళిపోయాక, గండం గట్టెక్కించినందుకు నాకు యెన్ని మార్కులు వేస్తావోయ్ అని అడిగాను. కాసేపు ఆలోచించి, తొంభైతొమ్మిదిన్నర అన్నది.

"ఆ అర మార్కు యెందుకు కోశావు?"

"ఫోను బకెట్‌లో పడేసినందుకు!"